గుడ్డు ఎందుకు తేలుతుంది? ఊరబెట్టడానికి ఏ గుడ్డు కావాలి?

(దృశ్యం: గాజు పాత్రలో మంచినీళ్లు. ఒక చేయి మూడు గుడ్లను ఒక్కొక్కటిగా వదులుతుంది.)

మొదటిది నేరుగా అడుగుకు వెళ్లి అడ్డంగా పడుకుంది. రెండోదీ మునిగింది కానీ, లావుపాటి కొస పైకెత్తి ఏటవాలుగా నిలిచింది. మూడోది పైకి తేలింది. తేలిన గుడ్డు కనబడగానే "మురిగిపోయింది, పారేయండి" అనేస్తాం. అంత తొందర అక్కర్లేదు. నీళ్లు చెప్పేది గుడ్డు ఎంత పాతదన్నదే, కుళ్లిందా లేదా అన్నది కాదు.

(దృశ్యం: పెంకు చాలా దగ్గరగా. సన్నటి గుంటలు కనిపిస్తాయి.)

నున్నగా కనిపించే ఈ పెంకుకు వేల సంఖ్యలో రంధ్రాలున్నాయి. లోపల పిల్ల పెరిగితే దానికి గాలి ఆడాలి కదా! పిల్ల ఉన్నా లేకపోయినా ఆ దారులు తెరిచే ఉంటాయి. గుడ్డు పెట్టిన క్షణం నుంచి వాటిగుండా నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంటాయి, బయటి గాలి లోపలికి వస్తుంటుంది. ఆ గాలి లావు కొస దగ్గర, రెండు పొరల మధ్య చేరుతుంది. ఉడికించిన గుడ్డు ఒలిచినప్పుడు ఒక కొసన కనిపించే నొక్కు దాని గుర్తే. ఏటవాలుగా నిలిచిన గుడ్డు ఆ కొసనే పైకెత్తింది.

(దృశ్యం: తక్కెడ మీద గుడ్డు. పక్కన లెక్క.)

తాజా గుడ్డు 60 గ్రాములు, దాని పరిమాణం 55 మిల్లీలీటర్లు అనుకుందాం. అంతే పరిమాణం నీళ్లు తూచితే 55 గ్రాములు. గుడ్డే బరువు, అందుకే మునుగుతుంది. పెంకు గట్టిది, పరిమాణం మారదు. రోజులు గడిచేకొద్దీ తగ్గేది బరువే. అది 5 గ్రాములకు పైగా తగ్గిన రోజున గుడ్డు తేలుతుంది.

లోపల గ్యాస్ పుట్టడం వల్లే తేలుతుందని చాలామంది చెబుతారు. పుట్టిన గ్యాస్ లోపలే ఉండిపోతే బరువు తగ్గదు, పరిమాణం పెరగదు, ఇక తేలడం ఎలా? బయటికి పోయిందే గుడ్డును తేలుస్తుంది.

(దృశ్యం: లీటరు నీళ్లలో 160 గ్రాముల ఉప్పు కలుపుతారు. మునిగిన తాజా గుడ్డు మెల్లగా పైకి వస్తుంది.)

గుడ్డు మారలేదు, నీళ్ల సాంద్రత పెరిగింది. కొలిచే పరికరాలు లేని రోజుల్లో ఊరబెట్టే ఉప్పునీళ్లు చిక్కగా ఉన్నాయో లేదో ఇలా గుడ్డు వేసే చూసుకునేవారు.

తేలిన గుడ్డును విడిగా గిన్నెలో పగలగొట్టి వాసన చూడండి. కుళ్లిన గుడ్డు తన సంగతి తానే చెబుతుంది. అలాగని మునిగిన గుడ్డులో సూక్ష్మజీవులు లేవని కాదు. కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాను నీళ్ల పరీక్ష పట్టుకోలేదు.

(దృశ్యం: రెండు ఉడికిన గుడ్లు. ఒకటి గుంటలుపడి, ఒకటి నున్నగా.)

ఇక ఊరబెట్టడం. దీనికి ఏటవాలుగా నిలిచిన గుడ్డే సరైనది. తాజా గుడ్డు ఒలిస్తే పెంకుతోపాటు తెల్లసొన ముక్కలూ ఊడొస్తాయి. కార్బన్ డయాక్సైడ్ కొంత పోయాక తెల్లసొనలో క్షారగుణం పెరుగుతుంది, లోపలి పొర పట్టు సడలుతుంది, పెంకు శుభ్రంగా వస్తుంది. మరుగుతున్న నీళ్లలో గరిటెతో దించి 12 నిమిషాలు ఉడికించి, వెంటనే ఐసు నీళ్లలో వేయండి. చన్నీళ్లతో మొదలుపెడితే ఒలవడం కష్టం.

(దృశ్యం: వెనిగర్‌లో పెంకు ముక్క. చుట్టూ బుడగలు.)

పెంకులో కాల్షియం కార్బొనేట్‌ను ఆమ్లం కరిగిస్తోంది, బుడగలు అందుకే. పెంకు ఉంటే వెనిగర్ పులుపంతా దానితో పోరాడటానికే సరిపోతుంది. ఒలిచే వేయాలి.

డజను గుడ్లకు 5 శాతం ఆమ్లత్వమున్న వెనిగర్ మూడు కప్పులు, నీళ్లు ఒక కప్పు, ఉప్పు చెంచాన్నర. మిరియాలు, చక్కెర మీ ఇష్టం. బీట్‌రూట్ ముక్కలు వేస్తే గుడ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. రుచికన్నా కంటికే అది ఎక్కువ విందు. వెనిగర్ మాత్రం తగ్గించకండి. ఇదంతా ఐదు నిమిషాలు మరిగించి, మరిగే నీళ్లతో శుభ్రం చేసిన సీసాలో గుడ్లు మునిగేలా పోసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి.

(దృశ్యం: ఊరిన గుడ్డు అడ్డకోత. అంచున రంగు, మధ్యలో పసుపు.)

పులుపు అంచు నుంచి లోపలికి చాలా నెమ్మదిగా నడుస్తుంది. చిన్న గుడ్లకు వారం నుంచి రెండు వారాలు, పెద్దవాటికి రెండు నుంచి నాలుగు వారాలు. తొందరపడి పుల్లతో పొడవకండి. 1997లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో ఒకాయన ఊరగుడ్లను పుల్లతో పొడిచి, సీసాను గది వేడిలోనే ఉంచాడు. ఆ గుడ్లు తిని బొట్యులిజంతో, అంటే బ్యాక్టీరియా విషం నరాలను దెబ్బతీసే జబ్బుతో, ఆసుపత్రి పాలయ్యాడు. పులుపు ఇంకా అందని పచ్చసొనలోకి పుల్ల బ్యాక్టీరియా బీజాలను మోసుకెళ్లగలదు. గాలి అందని, ఆమ్లం లేని చోటే అవి విషం తయారుచేస్తాయి.

ఫ్రిజ్‌లో ఉంచిన సీసాను మూడు నాలుగు నెలల్లో ఖాళీ చేయాలి. వడ్డించడానికి బయటికి తీసినవి రెండు గంటలకు మించి బయట ఉండకూడదు.