ఎర్ర బటన్ ఎవరి చేతికి?

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చ నుంచి కొంత భాగం. పాల్గొన్నవారు: జీడిమెట్లలోని ఒక మందుల కర్మాగారం షిఫ్ట్ సూపర్‌వైజర్, మాదాపూర్‌లో పనిచేసే సాఫ్ట్‌వేర్ టీమ్ లీడ్, మేనేజ్‌మెంట్ అధ్యాపకురాలు.)

వ్యాఖ్యాత: ‘ఈ నెల ఉత్తమ ఉద్యోగి’ అని గోడకు ఫొటో తగిలిస్తారు. దానితో పనిమీద ఉత్సాహం పెరుగుతుందా?

సూపర్‌వైజర్: మా దగ్గరా ఆ ఫ్రేము ఉందండీ. ఏడు నెలలుగా ఒకాయన ఫొటోనే ఉంది. మార్చే తీరిక ఎవరికీ దొరకలేదు. (నవ్వులు)

అధ్యాపకురాలు: అమెరికన్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లోనే ఈ సంగతి రాశారు. జీతం, పని పరిస్థితులు, పై అధికారి తీరు బాగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది. బాగున్నంత మాత్రాన ఉత్సాహం రాదు. అది పనిలోంచి రావాలి, సాధించామన్న తృప్తి నుంచి, గుర్తింపు నుంచి, బాధ్యత నుంచి.

సూపర్‌వైజర్: ఒక్క మాట మేడమ్. ఓవర్‌టైమ్ డబ్బు రెండు నెలలుగా అందని మనిషికి బాధ్యత గురించి చెప్పడానికి నాకు నోరు రాదు.

అధ్యాపకురాలు: హెర్జ్‌బర్గ్ చెప్పిందీ అదే కదండీ. ముందు ఆ బాకీ తీర్చాలి. తీర్చేశాం కాబట్టి ఇక చెలరేగి పనిచేయండి అంటే మాత్రం కుదరదు.

వ్యాఖ్యాత: మీ లైన్‌లో ఏం చేశారు?

సూపర్‌వైజర్: పోయిన ఏడాది ఒక బ్యాచ్‌లో స్ట్రిప్పుల మీద గడువు తేదీ చివరి అంకె సగమే పడింది. ప్యాకింగ్ బల్ల దగ్గర అమ్మాయి చూసింది. నేను పక్క గదిలో సంతకాలు పెడుతున్నాను. ఆమె వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, నేను తలెత్తేదాకా ఆగింది. ఈలోపు మిషన్ నడుస్తూనే ఉంది. డబ్బాలన్నీ విప్పి ఏరడానికి ఒక షిఫ్ట్ పూర్తిగా పట్టింది.

అధ్యాపకురాలు: టొయోటా కర్మాగారాల్లో ‘ఆండాన్’ తాడు అందుకే పెట్టారు. లోపం కనిపిస్తే ఏ కార్మికుడైనా లాగవచ్చు. దీపం వెలుగుతుంది, టీమ్ లీడర్ వస్తాడు, అప్పటికీ సర్దుకోకపోతే లైన్ ఆగుతుంది.

టీమ్ లీడ్: మా రంగంలోనూ తాడు ఇస్తామండీ, లాగినవాడి పేరు మాత్రం గుర్తుపెట్టుకుంటాం. (నవ్వులు) ‘నిర్ణయం నీదే’ అని చెప్పి, రాత్రి 11 గంటలకు ‘ఎందుకలా చేశావు’ అని మెసేజ్ పెట్టిన పాపం నాకూ ఉంది. మర్నాటి నుంచి ఆ కుర్రాడు ప్రతిదీ నన్నే అడగడం మొదలుపెట్టాడు, చివరికి ఫైలుకు ఏం పేరు పెట్టాలో కూడా. ఆ బెరుకు పోవడానికి నెలలు పట్టింది.

వ్యాఖ్యాత: మరి ఆ అమ్మాయికి అధికారం ఇచ్చారా?

సూపర్‌వైజర్: లైన్‌ను ఆపే ఎర్ర బటన్ ముందునుంచీ ఆమె చేతికందే దూరంలోనే ఉంది. నొక్కవచ్చని ఎవరూ చెప్పలేదు, అంతే. చెప్పాం. వారం తిరక్కుండానే నొక్కింది. వెళ్లి చూస్తే అచ్చు సరిగానే ఉంది. స్ట్రిప్పు రేకు మీద దీపం వెలుగు పడి అంకె మసకగా కనిపించింది. 11 నిమిషాలు పోయాయి. లైన్‌లో అందరూ నా ముఖమే చూస్తున్నారు.

వ్యాఖ్యాత: ఏమన్నారు?

సూపర్‌వైజర్: మాట నోటిదాకా వచ్చింది, దాచడమెందుకు. మింగేసి, దీపం వంపు మార్చమని ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. రిజిస్టర్‌లో ‘ఆగిన కారణం’ అన్న గడిలో వెలుతురు సరిగా లేదని రాశాను.

అధ్యాపకురాలు: ఆ పూట మీరు కసిరి ఉంటే, ఆ బటన్ మళ్లీ అలంకారమే అయ్యేది.

సూపర్‌వైజర్: ఆ 11 నిమిషాలకు పైవాళ్లు నన్ను సంజాయిషీ అడిగారు లెండి. నాకు ఎర్ర బటన్ ఎవరూ ఇవ్వలేదు. (నవ్వులు)

వ్యాఖ్యాత: ఆ తర్వాత ఆమె మళ్లీ ఆపిందా?

సూపర్‌వైజర్: రెండుసార్లు. ఒకసారి రేకు నిజంగానే చిరిగింది. రెండోసారి ఎందుకో నాకు వెంటనే తెలియలేదు. సంతకాల గదిలోంచి నేను వచ్చేసరికి లైన్ మళ్లీ నడుస్తోంది.