పాలు కక్కిన పాప ఊపిరి ఎందుకు ఆపుతుంది?

దృశ్యం: చెన్నై, పెరంబూరులో ఒక పడగ్గది. మూడు వారాల పాప అప్పుడే పాలు తాగి పడుకుంది. కెమెరా ముఖానికి బాగా దగ్గరగా.

వాయిస్: పెదవి కొసన తెల్లటి చుక్క వచ్చింది. పాప రెండు గుటకలు వేసింది. ఇప్పుడు పొట్ట చూడండి, కదలడం లేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు... మళ్లీ ఊపిరి అందుకుంది. ఆ నాలుగు సెకన్లూ చూసేవాళ్ల ప్రాణం గుప్పిట్లో ఉంటుంది. పాప గొంతు మాత్రం తన కాపలా పని తాను చేసింది.

దృశ్యం: గొంతు బొమ్మ. వెనక అన్ననాళం, ముందు శ్వాసనాళం.

వాయిస్: పొట్ట మూతిని బిగించి ఉంచే కండరం పసిపిల్లల్లో మాటిమాటికీ సడలుతుంది. తాగేది పాలే, రోజంతా పడకే. అందుకే పాలు పైకి తన్నుకొస్తాయి. అవి స్వరపేటిక అంచును తాకితే అక్కడున్న నరం, అంటే మెదడు నుంచి గుండె, పొట్ట దాకా దిగే వేగస్ నరం కొమ్మ, మెదడు కాండానికి కబురు పంపుతుంది. వెంటనే స్వరతంత్రులు మూసుకుంటాయి, ఊపిరి ఆగుతుంది, గుటకలు పడతాయి, గుండె నెమ్మదిస్తుంది. మనకైతే పొలమారి దగ్గు వచ్చేది. ఇక్కడి నర్సులు "పొరై ఏరిచ్చా?" అని అడిగేది దాని గురించే. పసిబిడ్డలో ఆ దగ్గు ఇంకా కుదురుకోలేదు, దాని బదులు ఊపిరి ఆగుతుంది.

దృశ్యం: గుండె గీత. 140 నుంచి 90కి దిగుతుంది.

వాయిస్: పుట్టిన బిడ్డ గుండె సాధారణంగా నిమిషానికి 120 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది. దాన్ని నెమ్మదింపజేసేదీ వేగస్ నరమే. మామూలుగా ఊపిరితిత్తులు సాగినప్పుడల్లా ఆ నరం పట్టు కాస్త సడలుతుంది. ఊపిరి ఆగితే ఆ సడలింపు ఉండదు, కాబట్టి పట్టు ఇంకా బిగుస్తుంది. పైగా బిడ్డ ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ నిల్వ తక్కువ, వాడకం మాత్రం కిలోకు పెద్దవాళ్లకు దాదాపు రెట్టింపు. అందుకే బిడ్డ రంగు అంత త్వరగా నీలంగా మారుతుంది. నెలలు నిండకుండా పుట్టినవాళ్లలోనూ, జలుబు చేసినవాళ్లలోనూ ఈ ఆగడం ఎక్కువసేపు సాగవచ్చు.

అసలు సంగతి ఇక్కడుంది. ఈ రిఫ్లెక్స్‌ను, అంటే తనంతట తానే ఊపిరి ఆపే ఈ స్పందనను, మీటేది ఆమ్లం ఒక్కటే కాదు. ఉప్పులో ఉండే క్లోరైడ్ తక్కువగా ఉన్న ఏ ద్రవమైనా చాలు. తల్లిపాలలో అది తక్కువే, మంచినీళ్లలో మరీ తక్కువ. పాలు తాగిన గంట, రెండు గంటల వరకు పొట్టలోని ఆమ్లం పాలతో కలిసి బలం తగ్గి ఉంటుంది, కక్కడం ఎక్కువయ్యేదీ అప్పుడే. అందుకే ఆమ్లం తగ్గించే సిరప్ ఈ ఊపిరి ఆగడాన్ని ఆపుతుందని ఆశపడొద్దు. నెలలు నిండని పిల్లల్లో అలాంటి మందులకూ, ఇన్ఫెక్షన్లకూ, పేగు దెబ్బతినే జబ్బుకూ సంబంధం కనిపించింది. డాక్టర్ చెప్పకుండా వేయకండి. ఆ పిల్లల్లో ఊపిరి ఆగడానికి చాలాసార్లు కారణం రిఫ్లక్స్, అంటే పాలు పైకి తన్నుకురావడం, కాదు, మెదడులోని శ్వాస కేంద్రం ఇంకా ఎదగకపోవడం.

దృశ్యం: చీర ఊయల. తర్వాత చదునైన పరుపు.

వాయిస్: మనం తొట్టి అన్నా, ఇక్కడివాళ్లు తూళి అన్నా, చీర ఊయలలో బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుతుంది, ఊపిరి దారి మడతపడుతుంది. నిద్రకు అది వద్దు. గట్టి, చదునైన పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టండి. కక్కితే ఉక్కిరిబిక్కిరవుతుందని బోర్లా వేస్తారు. బొమ్మ మళ్లీ చూడండి. వెల్లకిలా ఉంటే శ్వాసనాళం పైన, అన్ననాళం కింద. పాలు పైకెక్కి గాలి దారిలోకి పోవడం కష్టం. బోర్లా పడుకుంటే ఇది తారుమారవుతుంది. తలకింద దిండు కూడా వద్దు.

తాగించాక 20 నిమిషాలు భుజాన వేసుకుని నిటారుగా పట్టుకోండి. సీసా పాలైతే కొలత చూడండి. 3 కిలోల బిడ్డకు మొదటి వారం దాటాక రోజుకు సుమారు 450 మిల్లీలీటర్లు, ఎనిమిది సార్లకు పంచితే ఒక్కోసారి 55 చిల్లర. సీసా ఖాళీ కావాలని బలవంతం చేస్తే మిగిలింది పైకే వస్తుంది. కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోసేటప్పుడు ముఖం మీద ధార పడనివ్వకండి, ముక్కులో నూనె వేయకండి, నోట్లో వస అరగదీసి పెట్టకండి.

దృశ్యం: ఎరుపు తెర.

వాయిస్: చేతులు, కాళ్లు మాత్రమే నీలంగా ఉండటం మొదటి రోజుల్లో మామూలే. పెదాలు, నాలుక నీలమైతే, ఊపిరి 20 సెకన్లు ఆగితే, బిడ్డ మెత్తగా వేలాడిపోతే 108కి ఫోన్ చేయండి. ఈలోగా అరికాలు తట్టండి, వీపు రుద్దండి, పక్కకు తిప్పి నోరు తుడవండి. ఊపవద్దు, తలకిందులుగా పట్టుకోవద్దు, కనపడనిదాని కోసం వేలు పెట్టి వెతకవద్దు.

పచ్చటి వాంతి, రక్తం, దూరానికి చిమ్మే వాంతి, బరువు పెరగకపోవడం, 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం... వీటిలో ఏది ఉన్నా ఆ రోజే చూపించండి. ఎగ్మూరులోని పిల్లల ఆసుపత్రి ప్రభుత్వానిదే. వెళ్లేటప్పుడు ఇవి కాగితం మీద రాసుకెళ్లండి: పాలు తాగి ఎన్ని నిమిషాలైంది, ఎన్ని సెకన్లు ఆగింది, పెదాలు ఏ రంగయ్యాయి, తనంతట తానే ఊపిరి తీసిందా, మీరు తట్టాల్సి వచ్చిందా.