హైదరాబాద్ హాస్టల్‌కు పంపిన నాన్న ఆదిలాబాద్‌కు ఎందుకు పంపలేదు?

(ఆగస్టు 29, జాతీయ క్రీడా దినోత్సవం సందర్భంగా హనుమకొండలోని ఒక బాలికల పాఠశాలలో విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, తోటి టీచర్లకు, పిల్లలకు నమస్కారం. ధ్యాన్‌చంద్ గారి గురించి సార్ ఇప్పుడే చక్కగా చెప్పారు కాబట్టి ఆ భాగం వదిలేస్తున్నాను. నేను మాట్లాడాల్సింది అమ్మలతో, నాన్నలతో.

ఇందాక పరుగు పందెంలో గెలిచిన పిల్లలకు మీరంతా చప్పట్లు కొట్టారు, ఫోటోలు తీసుకున్నారు. సంతోషం. ఇదే పిల్లలు రేపు పొద్దున ఐదున్నరకు జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) గ్రౌండ్‌కు పోతామంటే ఎంతమంది పోనిస్తారు? మెడల్ కావాలి, ప్రాక్టీస్ మాత్రం వద్దు. తొమ్మిదో తరగతి దాకా "ఆడుకోనీయండి మేడమ్" అంటారు. పదిలోకి రాగానే ఆట బంద్.

కొత్తవాడలో దర్రీలు నేసే ఇంటి అమ్మాయి ఒకతె నా దగ్గర ఖో-ఖో ఆడేది. పోల్ డైవ్, అంటే స్తంభం ఆసరాగా ముందుకు దూకి తాకడం, కొడితే ఎదుటి జట్టు రన్నర్ తప్పించుకోవడం కష్టం. రాష్ట్ర పోటీలకు ఎంపికైంది. పోటీలు ఆదిలాబాద్‌లో, రెండు రాత్రులు ఉండాలి. నాన్న సంతకం పెట్టనన్నాడు. నేను ఇంటికి పోయాను. చాయ్ ఇచ్చారు, కుర్చీ వేశారు. మర్యాదకు ఏ లోటూ లేదు.

"మీ మీద నమ్మకం లేక కాదు మేడమ్. ఆడపిల్ల రెండు రాత్రులు బయట ఉంటే మా పాలోళ్లు ఏమంటరు?" అన్నాడాయన. అమ్మ బిడ్డ మోకాళ్లు చూపించింది. "ఎండల ఉరికి ఉరికి నల్లగైంది. అన్నీ దెబ్బలే. రేపు పెండ్లిచూపులకు వచ్చినోళ్లకు ఏం చెప్పాలె?" ఆ పిల్ల తలుపు దగ్గర నిలబడి మా ముగ్గురినీ చూస్తూ ఉంది. ఆమెను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

జట్టు ఆమె లేకుండానే పోయింది. సెమీఫైనల్‌లో ఒక్క పాయింట్‌తో ఓడిపోయింది.

వేసవి సెలవులు కాగానే అదే నాన్న అదే బిడ్డను హైదరాబాద్‌లో ఒక కాలేజీ హాస్టల్‌లో వదిలి వచ్చాడు. రెండేళ్లకు! అప్పుడు పాలోళ్లు ఏమీ అనలేదు. అంటే భయం దూరానికి కాదు, రాత్రికీ కాదు. చదువు కోసం పోతే బిడ్డ బాగుపడుతుందనుకున్నారు, ఆట కోసం పోతే చెడిపోతుందనుకున్నారు. ఈ లెక్క ఎవరు వేశారో చెప్పండి. ఆయన చెడ్డవాడు కాదు, మగ్గం మీద కూర్చుని బిడ్డ ఫీజులు కట్టిన మనిషి. నాకు కోపం ఆయన మీద కాదు, ఆ లెక్క మీద.

ఆమె ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తోంది. ఎప్పుడు కలిసినా "మేడమ్, ఆ సెమీఫైనల్ ఒక్క పాయింటే కదా?" అంటుంది. నేను అవునంటాను. ఆ తర్వాత ఇద్దరం వేరే మాటల్లో పడతాం.

మన పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ జీవంజి దీప్తి. మేధో వైకల్యంతో పుట్టిన ఆ పిల్లను ఊళ్లో వెక్కిరించినవాళ్లున్నారు, అనాథాశ్రమంలో వదిలేయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. కూలి చేసుకునే ఆ అమ్మానాన్నలు ఆ మాట చెవిన పెట్టలేదు. 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు కొట్టింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ సంగతి చూడండి. నిక్కర్ వేసుకుంటుందని చుట్టుపక్కలవాళ్లు అన్నారు. కన్ను వాచి ఇంటికొస్తే, ఇక పెళ్లెవరు చేసుకుంటారని వాళ్లమ్మ ఏడ్చింది. నాన్న జమీల్ గారు ఆమె వెనక నిలబడ్డారు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్. రెండిళ్లల్లోనూ నలుగురి మాటలు తప్పలేదు, టెన్షన్ తప్పలేదు. అయినా పంపారు.

ఇంకో మాట. ఇది వేదిక మీదివాళ్లకు. అమ్మానాన్నల భయాల్లో నిజమైనవీ ఉన్నాయి. గ్రౌండ్‌లో ఆడపిల్లలు బట్టలు మార్చుకునే గది ఉండదు. టాయిలెట్ ఉంటే నీళ్లుండవు. సాయంత్రం ఆరు దాటితే లైటు ఉండదు. పీరియడ్స్ వచ్చిన రోజు ఆ పిల్ల ఎక్కడికి పోవాలి? జట్టు వెంట మగ టీచర్‌నే పంపి, "నమ్మండి" అంటే ఏ తల్లి నమ్ముతుంది? దండలకు, శాలువాలకు పెట్టిన డబ్బు వచ్చే ఏడాది ఆ గదికి పెట్టండి. నాకు కప్పిన శాలువాతో కలిపే చెబుతున్నాను.

అమ్మా, ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) మండల పోటీల ఎంపికలు దగ్గరికొచ్చాయి. అంగీకార పత్రాలు ఆ టేబుల్ మీద ఉన్నాయి. పిల్లలు ఎక్కడ పడుకుంటారు, తోడుగా ఏ మేడమ్ వస్తుంది, ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది, తిండి ఎట్లా, అన్నీ అడగండి. నాన్నే పెట్టాలని లేదు, అమ్మ సంతకమైనా చాలు. పక్కనే పిల్లను నిలబెట్టుకుని, ముందు ఆమెను అడగండి. నేను చివరి మనిషి పోయేదాకా ఇక్కడే ఉంటాను.