ఆకాశం నుంచి కరెంటు దిగితే భూమి ఇంకా వేడెక్కుతుందా?

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. ఇంటర్‌లో నాకు భౌతికశాస్త్రం చెప్పిన మాస్టారు ఈ రోజు మనతో ఉన్నారు. శ్రీకాకుళంలో వారి ఇంటి మేడగదిలోనే ఈ ఎపిసోడ్ రికార్డు చేస్తున్నాం. అంతరిక్షంలో సౌర ఫలకాలు పెట్టి కరెంటును కిందికి పంపడం గురించి టెక్కలి నుంచి ఒక శ్రోత ఇలా అడిగారు: భూమికి తగలకుండా పోయే ఎండను కూడా పట్టి తెస్తే, ఇప్పటికే మండుతున్న భూమిని ఇంకా వేడెక్కించినట్టు కాదా?

మాస్టారు: బాగా అడిగారమ్మా. మన డాబా మీది ఫలకం ఎలాగూ ఇక్కడికి వచ్చిన ఎండనే వాడుకుంటుంది, కానీ ఉపగ్రహం మనకు రాని ఎండను తెస్తుంది. ఆ కరెంటుతో ఫ్యాను తిరిగినా, బియ్యం మిల్లు ఆడినా, చివరికి అదంతా వేడిగానే మిగులుతుంది. అయితే ఎంత వేడి అన్నది లెక్క వేసి చూడాలి. ప్రపంచం మొత్తం వాడే కరెంటు సగటున మూడున్నర టెరావాట్లు, ఒక టెరావాటు అంటే లక్ష కోట్ల వాట్లు. అదంతా అంతరిక్షం నుంచే వస్తుందనుకుని, కింద పట్టుకునేటప్పుడు పోయే నష్టాన్ని కూడా కలిపితే, నాలుగున్నర దాకా అవుతుంది. మనం ఇప్పటిదాకా గాలిలోకి వదిలిన కార్బన్ డయాక్సైడ్ భూమి నుంచి బయటికి పోకుండా అడ్డుకుంటున్న వేడి 1,000 టెరావాట్లకు పైమాటే.

వ్యాఖ్యాత: అంటే అందులో రెండు వందో వంతు కూడా కాదన్నమాట.

మాస్టారు: కాదు. పైగా బొగ్గును మండిస్తే వచ్చే వేడిలో మూడో వంతుకు కాస్త ఎక్కువే కరెంటుగా మారుతుంది, మిగిలింది పొగగొట్టం నుంచీ శీతలీకరణ నీటి నుంచీ బయటికి పోతుంది. ఆ పొగలోని కార్బన్ డయాక్సైడ్ ఆపి ఉంచే వేడి, బొగ్గు మండినప్పుడు పుట్టిన వేడిని కొన్ని నెలల్లోనే దాటిపోయి, ఆ తరువాత శతాబ్దాల పాటు పేరుకుంటూనే ఉంటుంది. కాబట్టి బొగ్గు స్థానంలో వచ్చినంతవరకు ఈ కరెంటు వల్ల వాతావరణానికి లాభమే.

వ్యాఖ్యాత: ఆ కిరణం మన మీద పడితే ఏమవుతుందన్న భయం కూడా చాలామందిలో ఉంది.

మాస్టారు: 1968లో పీటర్ గ్లేజర్ అనే అమెరికన్ ఇంజనీరు ఈ ఆలోచనను ప్రతిపాదించారు. తరువాత 1970ల చివర నాసా, అమెరికా ఇంధన శాఖ కలిసి వేసిన నమూనాలో, 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం 5 గిగావాట్ల, అంటే 500 కోట్ల వాట్ల కరెంటుకు సరిపడా మైక్రోవేవ్ కిరణాన్ని కిందికి పంపుతుంది. కిరణం నడిమధ్యన కూడా తీవ్రత చదరపు మీటరుకు 230 వాట్లే, మిట్టమధ్యాహ్నపు ఎండలో నాలుగో వంతు కూడా కాదు. అలాగని దాని కింద కాపురం పెట్టమని నేను చెప్పను. ఇదిగో, ఈ డయోడు చూడండి. పాత రేడియో నుంచి ఊడదీసింది, మిరియపు గింజంత కూడా లేదు. ఇలాంటి డయోడునే చిన్న యాంటెన్నా తీగకు కలిపితే మైక్రోవేవ్ కాస్తా కరెంటు అవుతుంది. అలాంటివి కోట్ల కొద్దీ కలిపి నేలకు ఎత్తుగా పరుస్తారు. కళింగపట్నం ఒడ్డున ఆరవేసిన వలల కింద ఇసుక మీద ఎండ పడుతూనే ఉంటుంది కదా, ఇదీ అలాగే ఉంటుంది.

వ్యాఖ్యాత: మేఘాలు పట్టినా పని చేస్తుందా? మన దగ్గర తుఫాన్లు ఎక్కువ కాబట్టి అడుగుతున్నాను.

మాస్టారు: ఈ కిరణానికి వాడే పౌనఃపున్యంలో మైక్రోవేవ్ మేఘాన్నీ వానను దాదాపు నష్టం లేకుండా దాటుతుంది. ఇది తుఫానును పుట్టిస్తుందా అని కూడా కొందరు అడుగుతుంటారు. పెద్ద తుఫానులో నీటి ఆవిరి వానగా మారేటప్పుడు విడుదలయ్యే వేడి వందల టెరావాట్లు ఉంటుంది, ఈ కిరణం మొత్తం కలిపినా ఒక టెరావాటులో వందో వంతు లేదు. కాకపోతే 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలు కూడా పడిపోయాయి. ఆకాశం నుంచి వచ్చిన కరెంటు అయినా మన ఇంటికి ఆ స్తంభాల మీదుగానే రావాలి.

వ్యాఖ్యాత: పైన మాత్రం ఎప్పుడూ ఎండేనా, మాస్టారూ?

మాస్టారు: దాదాపుగా. పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి, సెప్టెంబరు విషువత్తుల చుట్టూ కొన్ని వారాల పాటు, అర్ధరాత్రి వేళ ఉపగ్రహం భూమి నీడలోకి వెళుతుంది, ఎక్కువలో ఎక్కువ 72 నిమిషాలు. అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకే రోజులు కూడా మార్చిలోనూ అక్టోబరు మొదట్లోనూ వస్తాయి కదా, ఆ రోజులు ఈ నీడ వారాల్లోనే పడతాయి. దీన్ని గమనించినప్పుడు నాకు చాలా ముచ్చటేసింది.

వ్యాఖ్యాత: మరి ఇందులో మీకు భయం కలిగించే విషయమేదీ లేదా?

మాస్టారు: ఉంది, రాకెట్లు. నాసా 2024లో ప్రచురించిన అధ్యయనంలో, 2 గిగావాట్ల వ్యవస్థ ఒక్కదానికే, ఇంధనం నింపే ప్రయాణాలతో కలిపి 2 వేలకు పైగా ప్రయోగాలు కావాలని అంచనా వేశారు. కిరోసిన్‌తో నడిచే రాకెట్ వదిలే మసి, మేఘాలకు పైన ఉండే స్ట్రాటోస్ఫియర్ పొరలో చేరుతుంది. కింద ఇటుకబట్టీ మసిని వాన కడిగేస్తుంది గాని, అక్కడ వాన లేదు కాబట్టి అది ఏళ్ల తరబడి ఉండి ఎండను పీల్చుకుంటుంది. మీథేన్‌తో మసి తగ్గుతుంది, హైడ్రోజన్‌తో అసలే ఉండదు, అయినా నీటి ఆవిరి అంత ఎత్తున చేరుతుంది. తిరిగి వాతావరణంలోకి వచ్చేటప్పటి వేడికి నైట్రోజన్ ఆక్సైడ్లు పుట్టి ఓజోన్‌ను దెబ్బతీస్తాయి. వేడి గురించి అడిగిన శ్రోత ఈ మసి గురించి అడిగి ఉంటే నేను ఇంత ధీమాగా జవాబు చెప్పలేకపోయేవాణ్ణి. ఖర్చు కూడా, అదే అధ్యయనం ప్రకారం, నేల మీది పునరుత్పాదక విద్యుత్తు కంటే 12 నుంచి 80 రెట్లు ఎక్కువ.

వ్యాఖ్యాత: ఇవన్నీ కుదిరాయనుకుందాం. కింద ఆ వల పరచడానికి ఎంత నేల కావాలి?

మాస్టారు: ఆ పాత నమూనా ప్రకారం 10 కిలోమీటర్లకు 13 కిలోమీటర్ల దీర్ఘవృత్తం, సుమారు 25 వేల ఎకరాలు. మన జిల్లా అమెరికా కంటే భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి కిరణం అంత ఏటవాలుగా పడదు, 20 వేల పైచిలుకు ఎకరాలు సరిపోవచ్చు. కింద వరి పండించవచ్చని రాస్తారు గాని, నడిమధ్యన మైక్రోవేవ్ కింద రోజంతా ఊడ్పులు చేసే మనిషికి ఎంతవరకు హాని లేదో ముందు తేల్చాలి. బీల అనే చిత్తడి భూముల్లో బొగ్గు విద్యుత్ కేంద్రం వద్దని 2010లో సోంపేట ఎలా లేచిందో మీకు గుర్తుంది కదా. రేపు ఎవరైనా ఈ పటం పట్టుకుని వస్తే, వాళ్లు అడగబోయేది దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ నేల.