దేవుణ్ణి తర్కంతో నిరూపించాలా?

అందరికీ నమస్కారం.

దేవుడి గురించి ఎవరైనా ప్రశ్న వేస్తే "ముందు నమ్ము, తర్వాత నీకే తెలుస్తుంది" అంటారు కొందరు. "రుజువు చూపించు, అప్పుడు నమ్ముతా" అంటారు ఇంకొందరు. వీళ్ల మధ్య నలిగిపోయేది నిజంగా తెలుసుకోవాలని వచ్చినవాడు. అతని కోసమే ఈ రోజు ఒక పాత వాదన ముందుపెడుతున్నాను.

సుమారు వెయ్యేళ్ల కిందట ఉదయనాచార్యులు అనే న్యాయదర్శన పండితుడు దేవుడున్నాడని తర్కంతో నిరూపించడానికి న్యాయకుసుమాంజలి రాశారు. ఆయన వాదనల్లో ముఖ్యమైనది ఇది: కుండ ఉందంటే కుమ్మరి ఉన్నట్టే. లోకం కూడా పుట్టినదే కాబట్టి దానికీ కర్త ఉండాలి. వినడానికి ఎంతో సబబుగా ఉంది.

ఇలాంటి వాదనను చిత్తు చేసింది నాస్తికులే అనుకుంటాం. రామానుజాచార్యులు కూడా చేశారు! బ్రహ్మసూత్రాలకు ఆయన రాసిన వ్యాఖ్యానమైన శ్రీభాష్యంలో వేసిన ప్రశ్నలు చూడండి. పెద్ద కట్టడాలను ఎందరో కలిసి కడతారు కదా, లోకానికి కర్త ఒక్కడేనని ఎలా తేల్చారు? శరీరం లేని కర్తను ఎక్కడ చూశారు? లోకమంతా ఒకేసారి పుట్టిందని ఎవరు చెప్పారు? కుండను బట్టి ఊహిస్తే దొరికేది కుమ్మరిలాంటి కర్తే, సర్వజ్ఞుడైన పరమాత్మ కాదు. దేవుణ్ణి తెలిపేది శాస్త్రమే, అంటే వేదాది గ్రంథాలే, తర్కం కాదన్నది ఆయన సిద్ధాంతం.

స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ మతం గురించి సంభాషణల రూపంలో రాసిన, 1779లో అచ్చయిన పుస్తకంలోనూ దాదాపు ఇదే ప్రశ్న ఉంది. ఇల్లయినా ఓడయినా ఎందరో కలిసి కడతారు, లోకాన్ని మాత్రం పలువురు దేవుళ్లు కలిసి చేసి ఉండకూడదా అని. ఆ ప్రశ్న హ్యూమ్ దగ్గర సందేహంగానే మిగిలింది. రామానుజులు అదే ప్రశ్న వేసి కూడా పరమ భక్తులుగా జీవించారు. కాబట్టి ఒక రుజువులో లోపం చూపినవాణ్ణి దైవద్రోహి అనడం అన్యాయం. ఈ మాట నేను గట్టిగా చెప్పదలుచుకున్నాను.

అలాగని ఉదయనుల శ్రమ వృథా అనను. ఈ విచారణ శ్రవణం (శాస్త్రం వినడం) తర్వాత వచ్చే మననమనీ (విన్నదాన్ని తర్కించి ఆలోచించడమనీ), అది ఉపాసనేననీ గ్రంథం మొదట్లోనే ఆయన చెప్పుకున్నారు. రుజువు నిలిచినా నిలవకపోయినా, దేవుడి గురించి తీక్షణంగా ఆలోచించడం ఆయనకు పూజే.

పైగా శాస్త్రమే ఆధారం అన్నాక కూడా, ఏది శాస్త్రం, దాని అర్థమేమిటి అన్నవి తేలాలి కదా. అక్కడ బుద్ధిని పక్కన పెట్టి లాభం లేదు. రామానుజులూ పెట్టలేదు. అద్వైతాన్ని ఖండించబోయే ముందు, మహాపూర్వపక్షం (ఎదుటివారి వాదాన్ని ముందుగా వివరించే భాగం) పేరుతో ఆ వాదాన్ని నిండుగా, ఎంతో బలంగా వివరించారు. ఖండన మొదలయ్యేది ఆ తర్వాతే.