ఆలన్ స్పియర్: సీటు దొరికాక చెప్పిన మాట

పోయిన వీడియో కింద ఒకే కామెంట్ రకరకాలుగా వచ్చింది. "అమెరికాలో ఎన్నికల్లో గెలిచిన మొదటి గే హార్వీ మిల్క్ కదా, ఇంకెవరి గురించి చెప్తారు?" అని. కాదండీ బాబూ. ఇది ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ మొదటికే వస్తోంది. అందుకే ఈసారి బస్సు భాషలో చెప్తాను.

(స్క్రీన్ మీద: బస్టాండ్, కిటికీలోంచి సీటు మీద టవల్ వేస్తున్న చెయ్యి)

సంక్రాంతి ముందు రోజు బస్టాండ్ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ రద్దీలో ముగ్గురు ప్రయాణికులు ఉన్నారనుకోండి.

మొదటావిడ ఎలైన్ నోబుల్. బోస్టన్, 1974 నవంబర్. తాను లెస్బియన్‌నని ప్లాట్‌ఫారం మీదే అందరికీ వినపడేలా చెప్పి, తర్వాత బస్సెక్కి సీటు సంపాదించారు. అమెరికాలో అలా ముందే చెప్పి ఒక రాష్ట్ర శాసనసభకు గెలిచిన మొదటి మనిషి ఆవిడే.

హార్వీ మిల్క్ ఎక్కింది సిటీ బస్సు. శాన్‌ఫ్రాన్సిస్కో నగర పాలక మండలి. ఆయన గెలిచింది 1977లో, అంటే మూడేళ్ల తర్వాత. పోనీ సిటీ బస్సులోనైనా మొదటివారా అంటే అదీ లేదు. 1974 ఏప్రిల్‌లోనే మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో క్యాథీ కొజాచెంకో గెలిచేశారు. మిల్క్ పెద్ద నాయకుడే, అందులో గొడవేం లేదు. లెక్క మాత్రం తప్పు.

మూడో ఆయనే మన మనిషి. ఆలన్ స్పియర్, మిన్నెసోటా. ఈయన టవల్ వేశారు, సీట్లో కూర్చున్నారు, టికెట్ తీసుకున్నారు, బస్సు ఊరు దాటింది. అప్పుడు పక్కవాళ్ల వైపు తిరిగి చెప్పారు, నేను గే అని.

నాకు ముగ్గురిలో ఈయనే ఎక్కువ ఆసక్తి. ఎందుకంటే ప్లాట్‌ఫారం మీద చెప్తే ఎక్కనివ్వకపోవచ్చు, అంతే. సీట్లో కూర్చున్నాక చెప్తే, ఉన్న సీటే పోవచ్చు.

స్పియర్ అసలు చరిత్ర ప్రొఫెసర్. మిన్నెసోటా యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు. షికాగో నల్లజాతి వాడల మీద పుస్తకం రాశారు. 1972లో మినియాపొలిస్ నుంచి రాష్ట్ర సెనేట్‌కి గెలిచారు. సెనేట్ అనగానే మన శాసనమండలి అనుకోకండి, అక్కడ జనమే నేరుగా ఓటేసి గెలిపిస్తారు. ఆయన పార్టీ పేరు డెమొక్రటిక్ ఫార్మర్ లేబర్. పేరులోనే రైతునీ కార్మికుడినీ పెట్టుకున్నారు. మన దగ్గరి పార్టీ పేరేమో అనిపిస్తుంది.

ఎలైన్ నోబుల్ గెలిచిన మరుసటి నెల, 1974 డిసెంబర్‌లో, స్పియర్ ఒక స్థానిక పత్రికకి ఇంటర్వ్యూ ఇచ్చి విషయం బయటపెట్టారు. రెండేళ్లు గడిచాయి. 1976లో ఎన్నికలు. టెన్షన్ ఉండదా? గెలిచారు. ఆ తర్వాత 2000లో ఆయనంతట ఆయన తప్పుకునేదాకా ఎవరూ ఓడించలేకపోయారు.

చాలామంది కథ ఇక్కడే ఆపేస్తారు. ధైర్యంగా చెప్పాడు, జనం గెలిపించారు, చప్పట్లు. నాకు చిరాకు వచ్చేది ఇక్కడే. సీటు దొరకడంతో ప్రయాణం అయిపోతుందా?

ఆయనకి కావలసింది బస్సు లోపల గోడ మీద ఒక లైను. మన బస్సుల్లో "స్త్రీలకు కేటాయించిన సీట్లు" అని రాసుంటుంది చూడండి, అలాంటిది. కాకపోతే ఇది సీటు కేటాయించే లైను కూడా కాదు. రిజర్వేషన్ అడిగారా అని కామెంట్ పెట్టబోతున్నవాళ్లు కాస్త ఆగండి. ఆయన అడిగింది "ఈ కారణంతో ఎవరినీ మధ్యలో దించెయ్యకూడదు" అని, అంతే. మిన్నెసోటా మానవ హక్కుల చట్టంలో జాతి, మతం లాంటివి అప్పటికే ఉన్నాయి. నల్లవాడివని ఇల్లు ఖాళీ చేయించకూడదు. గే అని తెలిస్తే మాత్రం ఓనరు ఇల్లు ఖాళీ చేయించొచ్చు, కంపెనీ ఉద్యోగంలోంచి తీసెయ్యొచ్చు. ఆ జాబితాలో ఇంకో మాట చేర్చమన్నారు.

ఆ ఒక్క మాటకి పద్దెనిమిదేళ్లు పట్టింది.

1975లో ఆ బిల్లు ఓడిపోయింది. అప్పుడు సొంతవాళ్ల మధ్యే గొడవ కూడా. ట్రాన్స్‌జెండర్లని కూడా చేర్చాలని కొందరు ఉద్యమకారులు పట్టుబట్టారు. అలా చేస్తే ఓట్లు రావని స్పియర్ వెనక్కి లాగారు. ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే. పక్క సీటు వాళ్లని దింపి మన సీటు కాపాడుకుందామంటే ఎలా? 1977లో మళ్లీ ఓటమి. 1978లో పక్కనే ఉన్న సెయింట్ పాల్ నగరంలో, నాలుగేళ్ల కిందట వచ్చిన ఇలాంటి నిబంధననే జనం ఓటేసి మరీ తీసేశారు.

మరి ఈ పద్దెనిమిదేళ్లూ ఆయన ఏం చేశారు? సెనేటర్ పని. న్యాయ కమిటీకి ఛైర్మన్‌గా ఏళ్ల తరబడి నేరాల చట్టాలూ శిక్షలూ చూసుకున్నారు. పక్క సీటువాడికి నీళ్ల బాటిల్ ఇవ్వడం, కిటికీ మూసి సాయం చేయడం లాంటి పనే ఇదంతా. దూరం ప్రయాణంలో మనిషి తెలిసేది అలాగే కదా. 1993లో సెనేట్ అధ్యక్షుడు కూడా అయ్యారు, అంటే మన లెక్కలో కండక్టరు.

అదే ఏడాది మార్చిలో బిల్లు మళ్లీ వచ్చింది. ఇదంతా వాళ్లు కోరి ఎంచుకున్న జీవితం అని అవతలివాళ్ల వాదన. స్పియర్ లేచి, నాకు 55 ఏళ్లు, నేను గేని, ఇది వయసుతో పోయే పిచ్చి కాదు అన్నారు. ఇంత సూటిగా, ఇంత విసుగ్గా చెప్పిన జవాబు నేను చట్టసభల చరిత్రలో తక్కువ చూశాను.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా. సెనేట్‌లో 67 మంది. అనుకూలం 37, వ్యతిరేకం 30. అవతలి పార్టీ, అంటే రిపబ్లికన్ల నాయకుడు డీన్ జాన్సన్, స్వయానా లూథరన్ చర్చి పాస్టరు, అనుకూలంగా ఓటేశారు. దిగువ సభలో 78, 55. గవర్నర్ ఆర్నీ కార్ల్‌సన్, ఆయనా రిపబ్లికనే, ఏప్రిల్‌లో సంతకం పెట్టారు. అన్నట్టు, 1975లో వదిలేసిన ట్రాన్స్‌జెండర్లు ఈసారి చట్టంలో ఉన్నారు. ఒక రాష్ట్ర చట్టంలో వాళ్లకి అలాంటి రక్షణ రావడం అమెరికాలో అదే మొదలు.

 

స్పియర్ 2008లో చనిపోయారు. 1993లో దిగువ సభలో ఈ బిల్లుని మోసింది కరెన్ క్లార్క్, ఆవిడ లెస్బియన్. 1980లో గెలిచి బస్సెక్కి 38 ఏళ్లు దిగలేదు. ఆవిడ మీద వచ్చే వారం.