ఎముక దొరికిన చోటు

(జాతీయ విజ్ఞాన దినోత్సవం సందర్భంగా మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచలో తెలుగు కళాశాల విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీ అధ్యాపకులు ఫోను చేసి పరిశోధన గురించి మాట్లాడమన్నారు. ఏ పరిశోధన అని అడిగాను. "వైద్యం, సాంకేతికం, సమాజం, అన్నీ కలిపి ఓ అరగంట" అన్నారు. పెళ్లి విస్తట్లో ఉన్నవన్నీ ఒకే ముద్దలో కలుపుకుని తినమన్నట్టు ఉంది. నేను చంద్రపూర్‌లో ముప్పై ఏళ్లు గణాంకశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. నాకు వచ్చిన విద్య లెక్కపెట్టడం ఒక్కటే. మన జిల్లాలో జరిగిన రెండు మూడు పనులను ఆ లెక్కల కంటితోనే చూపిస్తాను.

ముందుగా మా ఇంటి గోడ.

ప్రాణహిత ఒడ్డున మా పాత ఇల్లు. వసారా గోడ మీద సున్నంతో గీసిన ఐదు గీతలు ఉండేవి. వరద తీసిన మర్నాడు తడి మరక ఎక్కడిదాకా ఉందో చూసి మా తాత ఒక గీత గీసేవాడు. పడవ నడిపిన మనిషి, అక్షరం రాదు, కాబట్టి గీత పక్కన తేదీ లేదు. వాటిలో ఒకటి 1986 ఆగస్టుదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ గోదావరి వరదను ఈ ఒడ్డున మరిచిపోయినవాళ్లు లేరు. మిగతా నాలుగు గీతలు ఏ ఏటివో తాతతోనే పోయింది.

2022 జూలైలో మళ్లీ నీళ్లు వచ్చాయి. మా అన్నయ్య ఫోనులో "భయపడకు, ఎనభై ఆరులో నడుము లోతు, ఈసారి మోకాలి లోతే" అన్నాడు. నేనూ ఊపిరి పీల్చుకున్నాను. దీపావళికి ఊరు వెళ్లి వసారాలో కాళ్లు చాపుకుని కూర్చున్నప్పుడు తట్టింది: మధ్యలో గచ్చు తీసేసి నేలను అడుగున్నర ఎత్తు లేపాం కదా! నడుము లోతు పాత నేల మీద, మోకాలి లోతు కొత్త నేల మీద. టేపు తెచ్చి పాత గీతకూ కొత్త మరకకూ మధ్య కొలిస్తే జానెడు తేడా కూడా లేదు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. కొలత మొదలుపెట్టిన చోటు మారింది. ఈ సంగతి తరగతిలో ముప్పై ఏళ్లు చెప్పినవాణ్ని, మా ఇంటి వసారాలోనే బోల్తా పడ్డాను.

ఇక మన తాలూకాలోని పోచంపల్లికి వద్దాం. చీరల పోచంపల్లి కాదు, రాక్షసబల్లి పోచంపల్లి. 1960, 61 ప్రాంతంలో కలకత్తా నుంచి ఒక బృందం వచ్చి అక్కడ నేల తవ్వింది. దాదాపు 170 సెంటీమీటర్ల తొడ ఎముక ఒకటి బయటపడింది. ఈ ముందు వరసలో ఉన్న మీలో చాలామందికంటే పొడవు. తవ్వేవాళ్లు దాన్ని 'బరా పా', అంటే 'పెద్ద కాలు' అని పిలుచుకున్నారు. ఆ ముద్దుపేరే శాస్త్రీయ నామానికెక్కింది: బరాపాసారస్. 1961 రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరం కావడంతో దాని వెనక టాగోరై చేరింది. మొత్తం దాదాపు 300 ఎముకలు, కనీసం ఆరు జంతువులవి. వాటిని శుభ్రం చేసి, పోల్చి, లోకానికి ప్రకటించేసరికి 1975 వచ్చింది. తవ్వకం ఒక వంతు, ఆ తర్వాత బల్ల ముందు కూర్చోవడం పది వంతులు.

ఇప్పుడు తమాషా చూడండి. తవ్వినది ఏ మ్యూజియమో కాదు, భారతీయ గణాంక సంస్థ! లెక్కలవాళ్లకు రాక్షసబల్లులతో ఏం పని? ఆ సంస్థను 1931లో స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ కొలవదగిన ప్రతిదీ తమ పనే అనుకునే మనిషి. లండన్ నుంచి పామెలా రాబిన్సన్ అనే శిలాజ శాస్త్రజ్ఞురాలిని పిలిపించి 1957లో భూవిజ్ఞాన శాఖ ప్రారంభింపజేశారు. అంతకు ముందే, 1946లో, మన తెలుగువాడు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి. ఆర్. రావు గారిని కేంబ్రిడ్జి పంపారు. ఎందుకనుకున్నారు? సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన పురాతన మానవుల ఎముకలను కొలవడానికి. ఆ మనుషులు ఎవరికి దగ్గర, ఎవరికి దూరం అన్నది మహలనోబిస్ కనిపెట్టిన సూత్రంతో తేల్చడం ఆయన పని. ఇరవయ్యో శతాబ్దపు గొప్ప గణాంకవేత్తల్లో ఒకరు పుర్రెలు కొలుస్తూ కూర్చున్నారంటే మా విద్యార్థులు నమ్మేవాళ్లు కాదు. శాఖల మధ్య గోడలు మన టైంటేబుల్లో ఉంటాయి. ప్రశ్నకు ఆ గోడలు కనబడవు.

పోచంపల్లి తవ్వకంలో నాకు బాగా నచ్చినది ఆ తొడ ఎముక కాదు, కాగితం మీది పటం. 276 చదరపు మీటర్ల నేలలో ఏ ఎముక ఎక్కడ, ఏ దిక్కుకు పడి ఉందో గుర్తించారు. ఎముకల మధ్య రాయిగా మారిన చెట్ల దుంగలు కూడా ఉన్నాయి. ఇవన్నీ కలిపి చూసిన తర్వాతివాళ్లు, ఒక మంద వరదలో కొట్టుకుపోయి ఇక్కడ పోగుపడి ఉండవచ్చని అన్నారు. వరద సంగతి ఎముక చెప్పలేదు, ఎముక పడిన తీరు చెప్పింది. పుర్రె మాత్రం దొరకలేదు. పళ్లు కొన్ని దొరికాయి. అదీ రాసి పెట్టారు. దొరకనిదాన్ని దొరకలేదని రాయడం కూడా పనిలో భాగమే. ఈ ఎముకలున్న రాతి పొరను మన పక్కనున్న కోట అనే ఊరి పేరుతోనే ప్రపంచమంతా పిలుస్తుంది. ప్రాణహితకు అవతలి ఒడ్డున, యామన్‌పల్లి దగ్గర, భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థవారికి దొరికిన మరో జంతువు పేరు కోటసారస్. దాన్ని 1988లో యాదగిరి గారు వర్ణించారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టారు, ఎప్పుడైనా వెళ్తే చూడండి.

వైద్యం సంగతి. మీరు మరాఠీ బడిలో భిన్నాలకు అంశ్, ఛేద్ అని నేర్చుకున్నారు. తెలుగులో లవం, హారం. వైద్య పరిశోధనంతా కింద ఉండే ఆ హారం కోసం పడే పాట్లే అంటాను నేను. ఆసుపత్రికి వచ్చిన రోగులను లెక్కపెట్టడం సులువు. రానివాళ్ల సంగతి?

మన గడ్చిరోలిలో 1986లో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ 'సెర్చ్' సంస్థను మొదలుపెట్టారు. రాణీ బంగ్ బృందం ఆసుపత్రిలో కూర్చోకుండా రెండు ఊళ్లు ఎంచుకుని 650 మంది స్త్రీలను పరీక్షించింది. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది. అంతకుముందు అలాంటి పరీక్ష ఒక్కసారైనా జరిగినవాళ్లు 8 శాతమే. ఈ ఫలితం 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. నొప్పిని ఓర్చుకుని పొలం పనికి వెళ్లిన మన అమ్మలు, అత్తలు అంతవరకూ ఏ లెక్కలోనూ లేరు.

తర్వాత పసిపిల్లలు. పుట్టిన నెలలోపు చనిపోయే బిడ్డకు పేరు కూడా పెట్టి ఉండరు. పేరు లేని బిడ్డను పుస్తకంలో రాసేదెవరు? కాబట్టి ముందు ప్రతి పుట్టుక, ప్రతి చావు నమోదు చేయాలి. ఇక్కడ ఒక చిక్కుంది, అధికారులకు అస్సలు నచ్చని చిక్కు. నిజాయితీగా రాయడం మొదలుపెట్టగానే మరణాల సంఖ్య పెరుగుతుంది. రాయని ఊరు ఆరోగ్యంగా, రాసిన ఊరు రోగిష్టిగా కనిపిస్తుంది.

39 ఊళ్లలో గ్రామంలోని స్త్రీలకే శిక్షణ ఇచ్చారు. బిడ్డను తూయడం, ఒంటి వేడి చూడటం, ఊపిరి లెక్కపెట్టడం, సెప్సిస్ (ఒళ్లంతా పాకే ఇన్ఫెక్షన్) లక్షణాలు గుర్తుపట్టి ఇంటి దగ్గరే యాంటీబయాటిక్ ఇవ్వడం. మరో 47 ఊళ్లలో ఇవేవీ లేకుండా లెక్క మాత్రమే రాశారు. మూడో ఏటికి, ఆ 47 ఊళ్లతో పోల్చి చూస్తే, నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. 1999లో ఇది కూడా లాన్సెట్‌లోనే వచ్చింది. ఇవాళ మీ వీధిలోకి ఆశా కార్యకర్త వచ్చి బాలింత ఇంట్లో బిడ్డను తూచి వెళుతోందంటే దాని వెనక ఆ పుస్తకాలున్నాయి.

పోలిక కోసం ఆ 47 ఊళ్లు ఎందుకని మీరు అడగాలి. ఆ ఏళ్లలో వానలు బాగా పడి పంట పండి ఉండవచ్చు, కొత్త రోడ్డు పడి ఉండవచ్చు. పోల్చడానికి పక్క ఊరు లేకపోతే తగ్గింది వైద్యం వల్లో, వాన వల్లో తెలియదు. లెక్కలవాడిగా దీన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. అయినా ఆ 47 ఊళ్ల తల్లులు గుర్తొస్తే మాత్రం కుర్చీలో కుదురుగా కూర్చోలేను. ఈ రెండు మాటలూ నాలో ఇప్పటికీ రాజీ పడలేదు.

సాంకేతికం నా వల్ల కాదు, మీ భౌతికశాస్త్రం అధ్యాపకులకు వదిలేస్తున్నాను.

సమాజం గురించి ఒక్కటి. బ్రిటిష్ అధికారి గ్రియర్సన్ మన దేశ భాషల మీద చేయించిన, 1894లో మొదలైన సర్వేలో మద్రాసు రాష్ట్రం, హైదరాబాదు సంస్థానం చేరలేదు. అంటే తెలుగువాళ్ల అసలు ఇల్లు వదిలేసి, మన చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లా వసారాలో దొరికిన తెలుగును రాసుకున్నారన్నమాట! 1906లో వచ్చిన సంపుటంలో సాలేవారి తెలుగు అని ఒకటుంది, మన నేత పనివారిది. పద్ధతి ఏమిటంటే, ఇల్లు వదిలిపోయి తిరిగొచ్చిన కొడుకు కథను ప్రతి భాషలోకీ అనువాదం చేయించడం. సేకరించి పంపినది ఎక్కువగా ప్రభుత్వ ఉద్యోగులు. అనువదించిన కథలో ఉండేది అనువాద భాష, మగ్గం దగ్గర మాట్లాడుకునే మాట కాదు. మీ చేతుల్లో ఫోన్లున్నాయి. మీ నానమ్మ మాట్లాడుతుండగా రికార్డు చేయండి. పక్కన ఆమె పుట్టిన ఊరు, కోడలిగా వచ్చిన ఊరు, తేదీ రాయండి. అవి లేకపోతే ఆ రికార్డు మా తాత గీసిన గీతే.

ఇదిగో, సంచిలోంచి తీస్తున్నది చూడండి. రాయిగా మారిన కొయ్య. పదకొండేళ్లప్పుడు వడదం వైపు ఎక్కడో ఏరుకున్నాను. ఇప్పుడు అక్కడ శిలాజ ఉద్యానం ఉంది, ఏదీ తాకకూడదు. అప్పుడు అడిగేవాళ్లు లేరు. వాగులో దొరికిందో, గట్టు మీద దొరికిందో, పక్కన ఇంకేముందో నాకు గుర్తులేదు. యాభై ఏళ్లుగా మా ఇంట్లో కాగితాలు ఎగరకుండా బరువుగా పనికొస్తోంది. ఒకరి చేతినుంచి ఒకరు అందుకుని చూడండి. వెనక వరసవాళ్లు చూశాక ఇటు పంపండి.